గుంట అంచున తీసిన ఫొటో

సభకు పెద్దగా కూర్చున్న అనుమతుల కార్యాలయం అధికారి గారికి, వారి కుడిపక్కన ఉన్న మా యజమాని గారికి, ఎడమపక్కన చేతిగడియారం చూసుకుంటున్న మా ప్రాజెక్టు మేనేజరు గారికి, ముందు వరుసల్లో మెత్తటి కుర్చీల్లో ఉన్న ఆఫీసు వాళ్లకీ, కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నా తోటి పనివాళ్లకీ, తలుపు దగ్గర గరిటె పట్టుకుని "ఈయన ఇంకా మొదలే పెట్టలేదా" అన్నట్టు చూస్తున్న వంటమనిషికీ, ఒక మూల కూర్చుని నా కంటే ఎక్కువగా భయపడుతున్న మా ఆవిడకీ నమస్కారాలు.

నాకు మాట్లాడటం రాదు. సభల్లో పెద్దవాళ్లు ఈ మాట అని ఆ తరవాత గంటసేపు మాట్లాడతారు. నేను అలా అనడం లేదు, నిజంగానే రాదు. మీరంతా వెనకాల నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. ఊఁ మేస్త్రి. (నవ్వులు) నవ్వండి, తప్పేం లేదు. జీవితమంతా పరంజాలు కట్టాను. అంత ఎత్తున కర్ర పట్టుకుని నిలబడ్డవాడు కిందవాళ్లతో ఎంతసేపని కబుర్లు చెబుతాడు? పైనుంచి ఊఁ అంటే తాడు పైకి వస్తుంది, ఇంకోసారి ఊఁ అంటే ఆగుతుంది. అదే అలవాటు ఇంట్లో కూడా పట్టుకుంది. మా అమ్మాయికి సంబంధం కుదిరినప్పుడు పెళ్లివాళ్ల ముందు కూడా నేను ఊఁ అనే ఊరుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే ఇది రాసుకొచ్చాను. మా ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలు ఇంకా మిగిలే ఉన్నాయి, కొంచెం వంకరగా ఉన్నాయంతే. నిన్న మా ఆవిడకి చదివి వినిపిస్తే, అంతా విని, "ఇన్ని మాటలు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా, నా మీద ఖర్చు పెట్టకుండా" అంది. తరవాత, ఇదంతా చదవడం అవసరమా అని కూడా అడిగింది. అవసరమే అన్నాను. ఆవిడ ఉతికిన చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టింది.

నా ముందు మాట్లాడిన పెద్దలు నన్ను చాలా పొగిడారు. యజమాని గారు నాలాంటి వాళ్ల చేతుల మీదే కంపెనీ నిలబడిందన్నారు. వీడ్కోలు బహుమతిగా గోడగడియారం ఇచ్చారు. చాలా బాగుంది, లోపల లోలకం కూడా ఊగుతోంది. మేనేజరు గారు, మేస్త్రి నోట ఏనాడూ ఎదురుమాట వినలేదన్నారు. అధ్యక్షుల వారైతే, ఇలాంటి పనివాళ్లు ప్రతిచోటా ఉంటే మా కార్యాలయానికి ఫైళ్లు చూసే అవసరమే రాదు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను గానీ చేతిలో గడియారం ఉంది.

ఆ మాట దగ్గరే నాకు గుచ్చుకుంది, అయ్యా. అధ్యక్షుల వారిని నేను గౌరవిస్తాను. కానీ ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఫైలు గురించే.

ఈ సంగతి తెలియని ఆడవాళ్లూ పిల్లలూ ఇక్కడున్నారు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. పెద్ద కట్టడం ఏది కట్టాలన్నా, అక్కడ పనిచేసేవాళ్లు ప్రాణాలతో, ఆరోగ్యంగా ఇంటికి చేరడానికి ఏ ఏర్పాట్లు చేస్తారో కంపెనీ ముందే రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. దాన్ని భద్రతా ఆరోగ్య ప్రణాళిక అంటారు. మనవాళ్లు ప్లాను అంటారు, నేనూ అదే అంటాను, నోరు తిరుగుతుంది. అధ్యక్షుల వారి కార్యాలయం ఆ ప్లాను చూసి, సరేనని ముద్ర వేస్తేనే పునాది పడాలి. అంతకుముందు మట్టి తవ్వుకోవచ్చు, అంతకు మించి ఏమీ చెయ్యకూడదు. ఆ ప్లాను మీద కంపెనీ తరఫున ఒక సంతకం, పనివాళ్ల ప్రతినిధిది ఒక సంతకం ఉండాలి. ప్రతినిధి చదివి, ఒప్పుకుని పెట్టాలని దాని కిందే రాసి ఉంటుంది.

మన పనివాళ్ల ప్రతినిధిని నేనే. ఎలా అయ్యానో కూడా చెబుతాను, ఇందులో దాచేదేమీ లేదు. ఒకరోజు టీ తాగుతుంటే మేనేజరు గారు వచ్చి, మీలో గొడవపడని మనిషి ఎవరు అని అడిగారు. అందరూ నావైపు చూశారు. నేను గ్లాసులోకి చూశాను. అయిపోయింది ఎన్నిక. (నవ్వులు)

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నది ఒడ్డున మనం కట్టిన పెద్ద భవనం మీకు గుర్తుంది కదా. దానికి రాసిన ప్లాను చాలా మంచి ప్లాను. నేను కళ్లారా చూశాను, చివరి వరకు దాని ప్రకారమే నడిచాం. ఆ స్థలం చదునుగా ఉండేది. స్టోరు షెడ్డు పక్కన పెద్ద ఖాళీ జాగా ఉండేది, సైరను మోగితే అందరం అక్కడికి చేరాలి. రోడ్డుకి అవతల ఆసుపత్రి ఉండేది, దెబ్బ తగిలితే మోసుకుపోవడమే. అధికారి గారి కార్యాలయం దాన్ని మెచ్చుకుని ముద్ర వేసింది. అంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు కడుతున్న ఈ కొత్త భవనానికి కూడా ఆ ప్లానే బయటికి తీశారు. పైన పేరు మార్చారు. లోపల ఒక్క ముక్క మార్చలేదు. ఎందుకంటే, మేనేజరు గారు చెప్పినట్టే చెబుతున్నాను, ఒకసారి ముద్ర పడిన ప్లానుకి మళ్లీ ముద్ర పడటం తేలిక, కొత్తగా రాస్తే కొత్త ప్రశ్నలు వస్తాయి. ఇది మన కంపెనీ ఒక్కటే చేసే పని కాదట, అందరూ ఇలాగే చేస్తారట. కావచ్చు.

ప్లానుతో పాటు, పనివాళ్లకి సాధన చేయించినట్టు ఫొటోలు కూడా జతచెయ్యాలి. సైరను మోగిస్తే ఎక్కడివాళ్లక్కడ పని వదిలేసి చెప్పిన చోటికి చేరి వరుసగా నిలబడాలి, దాన్ని ఫొటో తియ్యాలి. సరే, సైరను మోగింది. ప్లానులో స్టోరు షెడ్డు పక్కన చేరాలని ఉంది. ఇక్కడా స్టోరు షెడ్డు ఉంది. చేరాం. పాతచోట షెడ్డు పక్కన ఖాళీ జాగా ఉండేది, ఇక్కడ షెడ్డు పక్కన పునాది గుంట ఉంది.

కొంచెం మంచినీళ్లు ఇవ్వండి.

అందరం గుంట అంచున నిలబడ్డాం. ముందు వరుసలో ఆఫీసు వాళ్లు, రెండో వరుసలో మేస్త్రీలం, వెనక కమ్మీ కట్టేవాళ్లు, ఇటుకలు మోసేవాళ్లు. ఫొటో తీసే మనిషి మామూలుగా పెళ్లిళ్లకి తీస్తాడు. అందరూ ఒక్క ఫొటోలో పట్టాలని అతని తాపత్రయం, పైన కట్టిన కంపెనీ బ్యానరు కూడా కనిపించాలని మేనేజరు గారి తాపత్రయం. ఒక ఫొటో తీశాడు. చూసుకుని, చివరివాళ్లు సగమే వచ్చారు, అందరూ ఇంకొంచెం వెనక్కి జరగండి అన్నాడు.

అప్పుడు ఒక గొంతు వినిపించింది. ఇటుకలు మోసే ముఠాకి పెద్ద, నోరు మూతపడదని మనందరం రేడియో అని పిలిచే మన చెల్లెమ్మ గొంతు.

"వెనక్కి ఏముందని జరగమంటావయ్యా? గుంట ఉంది."

రేడియో ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది కదా. టీలో చక్కెర లేదంటుంది, నీళ్ల డ్రమ్ముకి మూత లేదంటుంది, ఎండకి నీడ లేదంటుంది, ఆడవాళ్లకి మరుగుదొడ్డి తలుపు లేదంటుంది. అందుకని ఆ రోజూ ఎవరూ పట్టించుకోలేదు. ఫొటోగ్రాఫరు, "అమ్మా, నువ్వు నోరు మూసి నవ్వు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశారు.

అంచు జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బస్తా దించినట్టు దబ్బుమంది. వెనక్కి తిరిగి చూస్తే చివరి వరుసలో ఒక మూల లేదు. ఆ మూలలో, మనతోనే పనిచేసే మా అల్లుడు ఉండాలి.

దేవుడి దయ వల్ల బతికాడు, అందుకే ఇవాళ మీ ముందు ఇలా నిలబడి చదవగలుగుతున్నాను. నడుము దాకా మట్టి. పారలతో తీస్తే కాళ్లకి తగులుతుందని అందరూ చేతులతో తోడారు. ముందు దిగింది రేడియో. అప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంది, తమ్ముడూ కదలకు, తమ్ముడూ ఊపిరి తీసుకో, తమ్ముడూ నన్నే చూడు అని. ఆ మాటలు ఆగుంటే వాడు కళ్లు మూసుకునేవాడు. మా వాడే చెప్పాడు.

పైకి తీశాక మళ్లీ ప్లాను చూశారు. రోడ్డుకి అవతల ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని ఉంది. రోడ్డుకి అవతల ఏముందో మీకందరికీ తెలుసు. కుర్చీలు, బల్లలు అమ్మే దుకాణం. ప్లాను ప్రకారం నడుచుకుని ఉంటే మా అల్లుణ్ణి తీసుకెళ్లి సోఫా మీద పడుకోబెట్టేవాళ్లం. (నవ్వులు) నవ్వు నాకూ వచ్చింది, ఇప్పుడు. ఆ రోజు రాలేదు. సిమెంటు లారీ మీద పడుకోబెట్టి ఊరవతల ఆసుపత్రికి తీసుకెళ్లాం. లారీ కుదుపు కుదుపుకీ వాడి మొహం చూశాను.

ఆసుపత్రిలో కాలికి కట్టు వేశాక కళ్లు తెరిచి వాడు అడిగిన మొదటి మాట, "మావయ్యా, ఫొటోలో పడ్డానా?" పడ్డావు నాయనా, ఫొటోలో సగం, గుంటలో సగం అన్నాను. పక్క మంచం మీద ఆయన నవ్వలేక కట్టు పట్టుకున్నాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. బయటికి వచ్చాక నన్ను నిలేసింది.

"నాన్నా, కాలు బాగయ్యాక మళ్లీ అక్కడికే వెళ్తాడు కదా?"

ఊఁ అన్నాను. అదొక్కటే తెలుసు కదా నాకు.

అధ్యక్షుల వారూ, మా ఇంట్లో నలుగురం అన్నం తినాలంటే వాడు ఆ గుంటలోకే దిగాలి. వేరే గుంట లేదు. అందుకే ఇవాళ నేను నోరు విప్పింది.

మేనేజరు గారు చెడ్డమనిషని నేను అనడం లేదు. ఆసుపత్రికి మందులు తెచ్చింది ఆయనే, వాడి పక్కన కూర్చుని పళ్లు కోసి పెట్టింది ఆయనే. ఆయన జేబులో ఫోను మోగినప్పుడు ఆయన మొహం ఎలా మారుతుందో కూడా నేను చూశాను. పనెక్కడి దాకా వచ్చింది అని అవతలి నుంచి అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆయనే, నేను కాదు. అది నాకు అర్థమవుతుంది.

అయితే ఆ తరవాత జరిగింది మాత్రం నాకు అర్థం కాలేదు. మన సేఫ్టీ ఇంజనీరమ్మ, అదుగో, నీళ్ల డబ్బా పక్కన తల దించుకుని కూర్చుంది, లేవకమ్మా, నువ్వు చెప్పమన్నావని ఎవరూ అనుకోరు, నేనిది చదువుతానని నీకూ తెలియదు, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ అమ్మాయి ప్లాను మళ్లీ మొదటి నుంచి రాసింది. గుంట చుట్టూ తిరిగింది. ఈ మట్టి ఎక్కడి నుంచి తెచ్చి పోశారు, వాన పడితే నీళ్లు ఏ వైపు పారతాయి, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటారు, తాగే నీళ్లు ఎవరు తెస్తారు, అని మట్టి మోసేవాళ్ల నుంచి నా దాకా అందరినీ అడిగింది. రేడియోని కూడా అడిగింది. అడిగి రెండు పూటలు కూర్చుని వింది, రేడియోని అంతసేపు విన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. (నవ్వులు)

గుంట గోడలు జారకుండా పలకలతో, కర్రలతో ఆనుదన్నులు పెట్టేదాకా లోపలికి ఎవరూ దిగకూడదని రాసింది. సైరను మోగితే ముందు గేటు దగ్గర చేరాలని రాసింది. గేటు దగ్గర ఎప్పుడూ ఒక బండి సిద్ధంగా ఉండాలనీ, ఆ బండి ఏ ఆసుపత్రికి వెళ్లాలో డ్రైవరుకి ముందే తెలిసి ఉండాలనీ రాసింది. నీడ, నీళ్లు, తలుపున్న మరుగుదొడ్డి. అంతే. రాజభవనం అడగలేదు.

దాన్ని తీసుకుని ఇద్దరం అధ్యక్షుల వారి కార్యాలయానికి వెళ్లాం. వారికి గుర్తుండే ఉంటుంది. చాలా మర్యాదగా కూర్చోబెట్టారు, నాకు ఫ్యాను కింద కుర్చీ వేయించారు. అంతా చూసి, "అమ్మా, బాగానే రాశారు, కానీ ఇదివరకు మేము ఆమోదించిన నమూనాతో ఇది కలవడం లేదు" అన్నారు.

"స్థలమే కలవదు కదండీ" అంది ఆ అమ్మాయి.

అప్పుడు అధ్యక్షుల వారు కళ్లజోడు తీసి, టేబులు మీద ఫైళ్ల దొంతర వైపు చూపించి, స్థలాలు చూడటానికి మా దగ్గర మనుషులు లేరమ్మా, మాకు కాగితమే కనిపిస్తుంది అన్నారు. అబద్ధం చెప్పలేదు. ఆ దొంతర వెనక వారి మొహమే మాకు సగం కనిపించింది. ఆ మాటకి నాకు కోపం రాలేదు, జాలి వేసింది. కానీ అయ్యా, మీకు మనుషులు లేరని మా మనుషులు పోవాలా?

ఈ మాట గట్టిగా అన్నట్టున్నాను. రాసుకున్నప్పుడు మెల్లగానే ఉంది.

ఆ ప్లాను తిరిగి వచ్చేసింది. వారం తిరక్కుండా ఇంజనీరమ్మని హెడ్డాఫీసుకి పంపేశారు, సిమెంటు ఎంత వచ్చింది ఎంత పోయింది అని చూసే పనికి. పాత ప్లాను మళ్లీ బయటికి వచ్చింది. దాంతో జతచేసింది ఏ ఫొటో అనుకున్నారు? ఫొటోగ్రాఫరు మొదట తీసిన ఫొటో. అంచు జారకముందు తీసింది. అందులో అందరం నవ్వుతున్నాం. మా అల్లుడు చివర సగం మొహంతో ఉన్నాడు, వాడూ నవ్వుతున్నాడు. కింద, సాధన విజయవంతంగా జరిగింది అని రాశారు.

మొన్న మేనేజరు గారు నన్ను గదికి పిలిచారు. టీ తెప్పించారు. మేస్త్రి గారూ, మీ వీడ్కోలు సభ సందట్లో మర్చిపోతాం, ఇక్కడొక సంతకం పెట్టెయ్యండి అన్నారు. నేను ఊఁ అన్నాను. వింటున్నాను అనే అర్థంలో అన్నాను, ఆయన సరే అనుకుని పెన్ను తీశారు. కళ్లజోడు ఇంట్లో ఉందన్నాను. అయితే సభ రోజు భోజనాలయ్యాక పెడుదురుగాని, అధికారి గారు కూడా అక్కడే ఉంటారు, అప్పటికప్పుడే ముద్ర పడిపోతుంది అన్నారు. కాబట్టి భోజనాల తరవాత కార్యక్రమం ఏమిటో ఇప్పుడు మీకందరికీ తెలిసింది.

ఇవాళ కళ్లజోడు తెచ్చుకున్నాను. ఆ ప్లాను కూడా చదివాను. సంతకం పెట్టను.

(చప్పట్లు)

ఆగండి, ఆగండి. చప్పట్లు కొడితే నా చోటు పోతుంది, వేలు పెట్టుకుని చదువుతున్నాను.

నేను పనిలో చేరినప్పుడు పరంజాలు వెదురు కర్రలతో కట్టేవాళ్లం. మా పెద్దమేస్త్రి ముడి ఎలా వెయ్యాలో నేర్పించాడు. ముడి వేశాక, వేలాడు అనేవాడు. నేను వేసిన ముడిని పట్టుకుని నేనే ముందు వేలాడాలి, అది నిలిస్తేనే దాని మీద ఇంకొకణ్ణి ఎక్కనివ్వాలి. చాలాసార్లు జారి ఇసుకలో పడ్డాను. పడ్డ ప్రతిసారీ ఆయన నవ్వి, వాడు పడేబదులు నువ్వు పడ్డావు, మంచిదే, మళ్లీ కట్టు అనేవాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా నేను వేలాడి చూడని ముడి మీద ఎవరినీ ఎక్కించలేదు. ఈ పాత ప్లాను మీద మేమంతా ఒకసారి వేలాడి చూశాం. అది జారింది. జారిన దాన్ని చూపించి, గట్టిగా ఉంది ఎక్కండి అని సంతకం పెట్టమంటున్నారు.

పెట్టకపోతే ఏం చేస్తారు? నాకు ఇవాళ్టితో పని అయిపోయింది. గడియారం వెనక్కి తీసుకుంటామంటే ఇచ్చేస్తాను, మా ఇంట్లో గోడకి మేకు దిగదు కూడా.

మేనేజరు గారు చీటీ పంపారు. 'క్లుప్తంగా ముగించగలరు' అని ఉంది. (నవ్వులు) అయ్యా, జీవితమంతా క్లుప్తంగానే ఉన్నాను. ఈ ఒక్కపూటా నన్ను వదిలెయ్యండి.

మీరు ఇంకొకటి అనుకుంటూ ఉండొచ్చు. ముసలాయన ఇవాళ పెట్టకపోతే ఏం, రేపు ఇంకొక నోరు లేని మనిషిని ప్రతినిధిగా రాసుకుందాం, ఎల్లుండి సంతకం పడుతుంది అని. అది కూడా ఆలోచించే వచ్చాను. ఇంజనీరమ్మ ఇక్కడున్నప్పుడు ఆ రూలు నాకు చదివి చెప్పింది. ప్రతినిధిని పనివాళ్లే ఎన్నుకోవాలట. ఆఫీసు వాళ్లు టీ కొట్టు దగ్గరికి వచ్చి ఎన్నుకోకూడదట. నాకు చాలా ఆశ్చర్యం వేసింది, ఇన్నాళ్లూ రూలు లేకుండానే ప్రతినిధిగా ఉన్నానన్నమాట.

పనివాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ఇంతమంది ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు? పైగా ఆమోదం ఇవ్వాల్సిన అధికారి గారే అధ్యక్షత వహిస్తున్నారు. కాబట్టి, అధ్యక్షుల వారి అనుమతితో, అనుమతి ఇవ్వకపోయినా సరే, వెనక గోడ దగ్గరున్న వాళ్లని ఒక్క మాట అడుగుతాను.

నోరు లేనివాణ్ణి పెట్టుకుంటే ఏమవుతుందో చూశారు. ఈసారి నోరున్న మనిషిని పెట్టుకుందాం. గుంట ఉంది అని అందరికంటే ముందు అన్న మనిషిని. దిగాల్సి వచ్చినప్పుడు అందరికంటే ముందు దిగిన మనిషిని. నేను రేడియో పేరు చెబుతున్నాను. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి.

(చేతులు లేస్తాయి. వెనక నుంచి ఎవరో: "బ్యాటరీ తీసెయ్యరు కదా అన్నా?" నవ్వులు)

ఈసారి ఎవరూ తియ్యకండి.

రేడియో ఏదో అంటోంది. ఏమ్మా? ఆవిడ అడుగుతోంది, "నాకు గబగబా చదవడం రాదన్నా, కూడబలుక్కుని చదువుతాను, ఫరవాలేదా" అని. చాలా మంచిది, చెల్లెమ్మా. అలాగే చదువు. పైకి చదువు, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, అందరికీ వినపడేట్టు. అర్థం కాని చోట ఆపి అడుగు. ఇంజనీరమ్మ పక్కనుంటుంది, ఆ అమ్మాయిని తిరిగి ఇక్కడికి పిలిపించమని నీ మొదటి మాటగా అడుగు.

అధ్యక్షుల వారూ, దయచేసి ఒకసారి తలెత్తి చూడండి. మీకు కాగితమే కనిపిస్తుందన్నారు కదా. ఇవి చేతులు. కొన్ని వేళ్లు వంకరపోయినవి ఉన్నాయి, కొన్నిచోట్ల వేళ్లే లేవు. ఈ ఎన్నిక చూసినవాళ్లలో మీరే పెద్దవారు, మీరే సాక్షి. రేపు ఏ కాగితం మీదైనా వేరే పేరు వస్తే, మీరు చూసింది గుర్తు చేసుకోండి. యజమాని గారూ, మీరూ చూశారు. పని కొన్నాళ్లు ఆలస్యమవుతుంది. అవనివ్వండి. ఆనుదన్నులు పెట్టించండి. పరంజా వాళ్లు కావాలంటే కబురు చెయ్యండి, జీతం లేకుండా వచ్చి ముళ్లన్నీ వేలాడి చూసి వెళ్తాను. అంతే గానీ ఆ పాత ప్లాను మీద మాత్రం నన్ను అడగకండి, ఇంకెవరినీ అడగకండి.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు పెద్దలకి కృతజ్ఞతలు. నాతో కర్రలు మోసిన వాళ్లకి, తాడు అందించిన వాళ్లకి, నా ఊఁకి అర్థం వెతుక్కుని పనిచేసిన వాళ్లకి, మా అల్లుణ్ణి చేతులతో తోడి తీసిన వాళ్లకి ఎలా చెప్పాలో నాకు తెలియదు, అది రాయడం కుదరలేదు. మా ఆవిడకి, చొక్కా ఉతికినందుకు. వంటమనిషికి క్షమాపణ, అన్నం చల్లారి ఉంటుంది, ఇంకా చల్లారుతుంది, ఎందుకంటే భోజనాలకి ముందే కొత్త ప్రతినిధి ప్లాను చదవాలని కోరుతున్నాను.

మేనేజరు గారూ, ఆ ప్లాను మీ బ్యాగులోనే ఉంది కదా, ఆవిడకి ఇవ్వండి. మైకు కూడా ఆవిడకే ఇస్తున్నాను. ఎవరూ లేవకండి. చదవమ్మా.

నాకు సెలవు.